మొండికెత్తిన ఆయిల్ ఫిల్టరు : విప్పుట, బిగించుట

యంత్రమునకు చమురు ప్రాణాధారమైనది. లోహము లోహమును ఒరసికొనుచు నిమిషమునకు వేలకొలది మారులు తిరుగు చోట పలుచని చమురుపొర యొక్కటియే వానిని ఎడబాపి కాపాడుచున్నది. ఆ పొర తెగినచో లోహము వేడెక్కి, గీరుకొని, తుదకు పట్టుకొనిపోవును. మోటారు సైకిలు మెరుపును, వేగమును చూచి సంతోషించువారు పెక్కండ్రు గలరు గాని, దాని లోపలి చమురు శుభ్రముగా నున్నదా యని విచారించువారు కొందరే. ఆ చమురును శుభ్రపరచు చిన్న సాధనమే ఆయిల్ ఫిల్టరు. దానిని కాలము తప్పక మార్చవలెనని బండి వెంట వచ్చు పుస్తకములు చెప్పుచునే యున్నవి. కాని మార్చు విధము తెలియక, అది కదలక మొండికెత్తినప్పుడు మోటుబలము చూపి యంత్రమును పాడుచేసికొనువారును, క్రొత్తదానిని సరిగా బిగింపక దారిలో చమురు కారి పడిపోవువారును గలరు. కావున ఫిల్టరు ఏల బిగుసుకొనునో, దానిని క్రమముగా నెట్లు విప్పవలెనో, క్రొత్తదానిని ఎంతమాత్రము బిగింపవలెనో ఈ వ్యాసమున వివరించెదము. ఇందుకు వలయు శాస్త్రము మనము తరగతిలో నేర్చుకొనిన తులాదండము, ఘర్షణము, పీడనము అను మూడు పాఠములలోనే యున్నది.

ఫిల్టరు స్వరూపము

అమెరికా దేశమున ఎర్నెస్టు స్వీట్‌లాండు, జార్జి గ్రీన్‌హాల్గు అను నిరువురు 1923వ సంవత్సరమున మోటారు కార్ల చమురును వడకట్టు సాధనమును కల్పించి దానికి ప్యూరొలేటరు అని పేరు పెట్టిరి. శుద్ధమైన చమురు అను అర్థమిచ్చు ఆంగ్లపదములను కుదించి యా పేరు కూర్చిరి. అంతకు పూర్వము చమురు మలినమైనంతనే దానిని పారబోసి క్రొత్తది పోయుట తప్ప వేరు మార్గము లేకుండెను. తరువాత 1950ల దశకమున, డబ్బాను మొత్తముగా త్రిప్పి విప్పి, క్రొత్త డబ్బాను త్రిప్పి బిగించు పద్ధతి వ్యాపించెను. నేడు మనము చూచు ఫిల్టర్లలో నిదియొక ముఖ్యమైన జాతి.

మోటారు సైకిళ్లలో చమురును శుభ్రపరచు ఏర్పాట్లు మూడు విధములుగా గానవచ్చును. మొదటిది జల్లెడ. 1994లో వెలువడిన హీరో హోండా స్ప్లెండరు వంటి చిన్న బండ్లలో తీగజల్లెడయు, గిరగిర తిరుగుచు మలినమును అంచునకు విసరివైచు చిన్న పాత్రయు నుండెను. వానిని కడిగి మరల పెట్టుకొనవచ్చును. రెండవది మూత క్రింద నుండు కాగితపు ఫిల్టరు. మూతకున్న చిన్న బోల్టులను విప్పి లోపలి కాగితపు చుట్టను మార్చవలెను. మూడవది పైన చెప్పిన మరడబ్బా. ట్రయంఫు బోన్‌విల్లు, హార్లీ డేవిడ్‌సన్ మొదలగు పెద్ద బండ్లకును, 1955వ సంవత్సరము నుండి మదరాసు చెంత తిరువొత్తియూరులో బండ్లు తయారుచేయుచు వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డు వారు 2018లో విడుదల చేసిన 650 బండ్లకును ఇట్టి డబ్బాయే గలదు. మొండికెత్తునది ముఖ్యముగా నీ మూడవజాతి. కాబట్టి దానిని గురించియే విపులముగా వ్రాయుచున్నాము.

ఈ డబ్బా పలుచని ఉక్కురేకుతో చేయబడినది. లోపల మడతలు మడతలుగా పెట్టిన ప్రత్యేకమైన కాగితముండును. మనిషి తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. వెండ్రుకలో సగము మందము లేని రజనును గూడ ఈ కాగితము పట్టి యుంచగలదు. డబ్బా యొక్క నోటివైపున దళసరి లోహపు పళ్లెమును, దాని నడుమ మరలు గల రంధ్రమును, రంధ్రము చుట్టును చిన్న చిన్న తూములును, అంచున రబ్బరు వలయమును ఉండును. చమురు చిన్న తూముల గుండ లోనికి బోయి, కాగితము గుండ వడిసి, నడిమి రంధ్రము గుండ యంత్రమునకు మరలి వచ్చును. కాగితము మలినముతో పూడిపోయిన యెడల యంత్రము చమురు లేక చావకుండుటకై లోపల నొక చిన్న కవాటముండును. అది తెరచుకొని చమురును వడకట్టకయే పంపివేయును. అనగా ఫిల్టరు మార్చుట ఆలస్యము చేసినవాని యంత్రము తిరుగుచునే యుండును గాని, మురికిచమురుతో తిరుగుచు దినదినము అరిగిపోవుచుండును.

అది యేల బిగుసుకొనును?

మరలే బిగుసుకొనినవని సామాన్యముగా ననుకొందురు. నిజమునకు ఎక్కువ పట్టు రబ్బరు వలయమునొద్ద నున్నది. మరకడ్డీ యొక్క వ్యాసము అనేక బండ్లలో 20 మిల్లీమీటర్లు మాత్రమే. రబ్బరు వలయమో అంతకు రెండింతలకు మించిన వ్యాసము గలది. కేంద్రమునకు దూరముగా నున్న ఘర్షణము త్రిప్పుటను ఎక్కువగా నడ్డగించునని మనకు తెలిసినదే. కుమ్మరిచక్రమును ఇరుసునొద్ద పట్టి ఆపుటకంటె అంచునొద్ద పట్టి ఆపుట సులభముగదా!

ఆ రబ్బరు వేలకొలది కిలోమీటర్ల ప్రయాణములో మాటిమాటికి కాగి చల్లారుచుండును. కాగినప్పుడు మెత్తబడి లోహపుతలము నందలి సూక్ష్మమైన గరుకులలోనికి చొచ్చుకొనును; కాలక్రమమున ఆ రూపమునే పొంది గట్టిపడి అంటుకొనిపోవును. బిగించునాడు రబ్బరునకు చమురు పూయక పొడిగా బిగించిన యెడల ఈ యంటు మరింత హెచ్చును. అంతకంటె ముఖ్యమైన కారణము మనుష్యుని భయము. ఊడిపోవునేమో యను శంకతో పానా పెట్టి బలముకొలది బిగించువాడు, మరుసటి మారు విప్పబోవువానికి కష్టమును నిలువయుంచుచున్నాడు.

ఇక లెక్క చూతము. త్రిప్పుబలమును న్యూటన్ మీటర్లలో కొలుతురు. ఒక కిలోగ్రాము బరువు సుమారు 10 న్యూటనులకు సమానము. మోటారు సైకిలు ఫిల్టరు డబ్బా వ్యాసము సాధారణముగా 65 మిల్లీమీటర్లు. అనగా కేంద్రము నుండి అంచునకు మూడుంబాతిక సెంటీమీటర్లు. అతిగా బిగిసిన డబ్బా విడుటకు 50 న్యూటన్ మీటర్లు కావలెననుకొందము. చేతితో అంచును పట్టి త్రిప్పువాడు అంచునొద్ద 157 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలము చూపవలెను. ఇది మల్లునకును సాధ్యము కాదు. అదే డబ్బాకు 30 సెంటీమీటర్ల పిడిగల సాధనము తగిలించిన యెడల 17 కిలోగ్రాముల బలము చాలును. తులాదండపు మహిమ యిట్టిది. కాని యిదే మహిమ బిగించునప్పుడు శత్రువగునని ముందు చూపెదము.

విప్పుటకు ముందు సిద్ధపాటు

క్రొత్త ఫిల్టరును, చమురు విడుచు బోల్టునకు క్రొత్త వాషరును, సరిపడు చమురును చేతనుంచుకొనక పని ఆరంభింపరాదు. విప్పుటలో పాతడబ్బా పాడైనచో దానినే మరల పెట్టుకొనుటకు వీలుండదు. చమురంతయు విడిచిన పిమ్మట ఫిల్టరు రాకున్న యెడల బండి కదలలేని శవమై పడియుండును. కాబట్టి వివేకవంతుడు చమురు విడువకముందే ఫిల్టరు కదలునో లేదో యొకమారు పరీక్షించును. కొంచెము కదలిన చాలును. వెంటనే ఆపి, తరువాత చమురు విడువవలెను.

యంత్రమును రెండు మూడు నిమిషములు నడిపి వెచ్చజేయుట మంచిది. వెచ్చని రబ్బరు మెత్తబడి పట్టు సడలించును. వెచ్చని చమురు మలినముతో గూడ చక్కగా బయటికి వచ్చును. అయితే ఈ పని గాలి యాడు చోటనే చేయవలెను. మూసియున్న గదిలో బండిని నడిపినచో పొగయందలి విషవాయువు ప్రాణము తీయగలదు. యంత్రము నాపిన వెంటనే చేయి పెట్టరాదు. పెక్కు బండ్లలో ఫిల్టరు పొగగొట్టముల నడుమ నుండును. ఆ గొట్టములు చేతిని బొబ్బలెక్కించునంత వేడిగా నుండును. అవి చల్లారువరకు కొంతసేపు ఓపిక పట్టవలెను. చమురు గొట్టములకంటె మెల్లగా చల్లారును గనుక వెచ్చదన మింకను మిగిలియే యుండును.

పిమ్మట బండిని గట్టి నేలపై నిలువు స్టాండున నిలిపి, ఫిల్టరు చుట్టును ఉన్న మట్టిని కుంచెతో తుడువవలెను. లేనియెడల ఆ మట్టి యంత్రములోనికే పోవును. డబ్బాపై నున్న జిడ్డును కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టవలెను. కిరసనాయిలు మంటకు తగులు వస్తువు గనుక గొట్టములు చల్లారిన పిమ్మటనే దీనిని వాడవలెను. జిడ్డుచేతికి జిడ్డుడబ్బా పట్టు చిక్కదు. మొండిఫిల్టర్లని పేరుపడినవానిలో కొన్ని కేవలము జిడ్డుఫిల్టర్లే. ఫిల్టరు క్రింద అట్టముక్కను దోనె వలె మడచి పెట్టినచో కారు చమురు గొట్టములపై పడక పళ్లెములోనికి జారును.

ఏ దిక్కునకు త్రిప్పవలెను?

ఇది చిన్న ప్రశ్నవలె తోచును గాని, పెక్కు ఫిల్టర్లు చెడుట యిచటనే. డబ్బా యొక్క మూసిన అడుగును ఎదురుగా నుండి చూచునప్పుడు గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు వ్యతిరేకముగా త్రిప్పినచో విడును. ఫిల్టరు యంత్రము ముందు భాగమున నున్నచో బండికి ఎదురుగా కూర్చుండి చూడవలెను. క్రిందికి వ్రేలాడునట్లున్నచో నేలపై పరుండి పైకి చూచినట్లు భావింపవలెను. పైనుండి వంగి చేయి చాచినవానికి దిక్కు తారుమారగును. అట్టివాడు విప్పుచున్నానని తలచి మరింత బిగించును. కావున మొదట సుద్దముక్కతో డబ్బా అడుగున బాణపు గుర్తు గీచుకొనుట ఉత్తమము.

విప్పు విధములు

గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని సామెత. మెత్తని ఉపాయము నుండి గట్టి ఉపాయమునకు క్రమముగా పోవలెను.

మొదటిది చేయి. పొడిచేతితో, డబ్బాపై పాత సైకిలు ట్యూబు ముక్కను గాని గరుకు కాగితమును గాని చుట్టి, గట్టిగా పట్టి త్రిప్పవలెను. ఒక్కసారి జాడించుటకంటె నిదానముగా బలము పెంచుచు పోవుట మేలు. రబ్బరు అంటు నిదానపు బలమునకు లొంగును.

రెండవది టోపీ పానా. ఇది గిన్నె వలె నుండి డబ్బా అడుగునకు సరిగా తొడుగుకొనును. డబ్బా అడుగున నున్న పలకలును గిన్నెలోని పలకలును కలియవలెను. 65 మిల్లీమీటర్ల వ్యాసమును 14 పలకలును గల గిన్నె అనేక బండ్లకు సరిపోవును. కొలత వదులుగా నున్న గిన్నెను వాడినచో పలకలు అరిగి గుండ్రనగును. పిమ్మట ఆ ఉపాయము పనికిరాదు. గిన్నెను సుతిమెత్తగా తట్టి పూర్తిగా తొడిగి, వంకర లేకుండ పట్టి త్రిప్పవలెను. కొన్ని ఫిల్టర్ల అడుగున 17 మిల్లీమీటర్ల నట్టు అతుకబడి యుండును. వానికి సామాన్యమైన పానాయే చాలును.

మూడవది పటకా పానా. తోలుపటకాను గాని ఉక్కుపట్టీని గాని డబ్బాకు చుట్టి పిడితో లాగుదురు. ఎంత లాగిన నంత గట్టిగా పట్టుకొనుట దీని గుణము. రేవులో పడవవాడు త్రాటిని గుంజకు రెండు చుట్లు చుట్టి, ఒక్క చేతితో పెద్దపడవను నిలుపుట చూచినవారు దీని రహస్యమును సులభముగా గ్రహింతురు. పటకాను డబ్బా నడుమ చుట్టరాదు. అచట రేకు పలుచన, నొక్కుకొని పోవును. యంత్రమునకు దగ్గరగా, లోపలి దళసరి పళ్లెము ఊతగా నుండు చోట చుట్టవలెను.

నాల్గవది గొలుసు పానాయు, మూడు కొక్కెముల పానాయు. ఇవి డబ్బాను విడువక పట్టును గాని రేకును గాయపరచును. పారవేయవలసిన డబ్బాయే గనుక చింత లేదు. అయితే ప్రక్కనున్న అల్యూమినియపు రెక్కలకును, తీగలకును గొలుసు తగులకుండ చూచుకొనవలెను.

ఐదవది కడపటి ఉపాయము: డబ్బాకు అడ్డముగా పెద్ద స్క్రూడ్రైవరును సుత్తితో దిగగొట్టి దానినే పిడిగా త్రిప్పుట. షెడ్డులలో దీనిని మొదటి ఉపాయముగా వాడువారు గలరు; అది తగదు. పలుచని రేకు కాగితమువలె చినిగి, త్రిప్పుటకు పట్టే మిగులకపోవచ్చును. చమురు చేతులమీదికిని గొట్టములమీదికిని చిమ్మును. యంత్రపు మరకడ్డీ డబ్బాలోనికి కొంత చొచ్చుకొని యుండును గనుక ఆ భాగమున దిగగొట్టినచో కడ్డీయే చెడును. అది చెడినచో నష్టము ఫిల్టరు వెలతో పోదు. కాబట్టి క్రొత్త ఫిల్టరు చేతనుండి, ఇతరోపాయములన్నియు విఫలమైనప్పుడే, కడ్డీకి దూరముగా దీనిని ప్రయోగింపవలెను.

రేకు చినిగి పళ్లెము మాత్రమే యంత్రమునకు అంటుకొని మిగిలినచో ధైర్యము విడువనక్కరలేదు. పళ్లెములోని చిన్న తూముల అంచునకు మొద్దు ఉలిని ఏటవాలుగా ఆనించి, విడు దిక్కునకు సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టినచో అది మెల్లగా తిరుగును. ఉలి యంత్రపు తలమును గీయకుండ చూచుట ముఖ్యము. గీత పడిన తలముపై ఏ రబ్బరును చమురును ఆపజాలదు. ఇంతవరకు వచ్చిన పని క్రొత్తవారిది కాదు. అనుభవజ్ఞుడైన మెకానిక్కునకు అప్పగించుట సిగ్గుపడవలసిన విషయము గాదు.

ఒక రబ్బరు వలయము, ఒక ప్రాణము

ఫిల్టరు విడినంతనే పని అయిపోయినదని సంతోషింపరాదు. ఆ క్షణముననే చూడవలసిన దొకటి గలదు. పాతడబ్బాను త్రిప్పి దాని అంచున రబ్బరు వలయమున్నదా లేదా యని చూడవలెను. లేకున్నచో అది యంత్రమునకే అంటుకొని యున్నదని అర్థము. నల్లని చమురుతో తడిసిన నల్లని వలయము కంటికి కనబడదు. దానిని గమనింపక క్రొత్త ఫిల్టరును దానిపైననే బిగించినచో రెండు రబ్బర్లు ఒకదానిపై నొకటి పడును. నిలిచియున్న బండిలో చమురు కారకపోవచ్చును. దారిలో పీడనము హెచ్చినప్పుడు ఆ రెండు వలయములలో నొకటి ప్రక్కకు జారును. అప్పుడు చమురు ధారగా వెలువడి వెనుక చక్రముపై పడును. చమురు తడిసిన చక్రము వంపునందు జారుట తథ్యము. తోలువాడే గాక వెనుక కూర్చున్నవాడును, ఆ దారిన వచ్చు పరులును అపాయము పాలగుదురు. ఒక్క చూపునకు పట్టు కాలము రెండు క్షణములు. ఆ రెండు క్షణముల బద్ధకమునకు ఇంత వెల గలదు.

చమురు పీడన మెంతటిదో లెక్కించి చూతము. రబ్బరు వలయము లోపలి వ్యాసము ఐదున్నర సెంటీమీటర్లనుకొన్నచో దానిలోని వైశాల్యము సుమారు 24 చదరపు సెంటీమీటర్లు. పీడనము చదరపు సెంటీమీటరునకు 5 కిలోగ్రాములైన యెడల డబ్బాను వెలుపలికి త్రోయు బలము 120 కిలోగ్రాములు. ఇద్దరు మనుష్యుల బరువు! ఆ చిన్న డబ్బా మరలును, ఆ సన్నని రబ్బరును ఈ భారమును ఎల్లవేళల మోయుచున్నవి.

బిగించు విధము

యంత్రపు తలమును నూలుపోగులు రాలని గుడ్డతో శుభ్రముగా తుడువవలెను. మరకడ్డీ స్థిరముగా నున్నదా యని చూడవలెను. ఒక్కొక్కప్పుడు అది పాతఫిల్టరుతో గూడ ఊడివచ్చును. క్రొత్త ఫిల్టరు పాతదానికి ఎత్తునందు కాకున్నను, మరలయందును రబ్బరు వ్యాసమునందును సరిపోవలెను. ఆకారము సమానమని చాలించుకొనరాదు. చూపునకు ఒక్కటిగానున్న రెండు ఫిల్టర్ల మరలు వేరుగా నుండవచ్చును.

తరువాత క్రొత్త చమురులో వ్రేలు ముంచి రబ్బరు వలయమంతటను పలుచగా పూయవలెను. దీనివలన రెండు లాభములు గలవు. బిగించునప్పుడు రబ్బరు మెలిక పడక నున్నగా జారి సమముగా కూర్చుండును. మరుసటిమారు విప్పుటయు సులభమగును. మొండిఫిల్టరునకు మందు ఈ చుక్క చమురే. అది ఏడాది ముందుగా వేయవలసిన మందు.

డబ్బాను చేతితోనే మరలకు పట్టించవలెను. మొదటి చుట్లు ఏ యడ్డును లేక తిరుగవలెను. గట్టిగా తోచినచో మర వంకరగా పట్టినదని తెలిసికొని, వెనుకకు త్రిప్పి మరల ఆరంభింపవలెను. రబ్బరు తలమును తాకిన క్షణమున చేతికి స్వల్పమైన అడ్డు తెలియును. అచట ఆగి డబ్బాపైనను యంత్రముపైనను ఎదురెదురుగా సుద్దగీత గీయవలెను. ఆ గీత నుండి ఎంత త్రిప్పవలెనో ఫిల్టరు డబ్బాపైనను బండి పుస్తకమునందును వ్రాసియుండును. ముప్పాతిక చుట్టు అనునది తరచుగా కనబడు కొలత. కాని బండి పుస్తకములో వేరుగా నున్నచో దానినే పాటింపవలెను.

ఈ ముప్పాతిక చుట్టు ఎచటినుండి వచ్చెను? అనేక ఫిల్టర్ల మర ఒక్క చుట్టునకు ఒకటిన్నర మిల్లీమీటరు ముందునకు సాగును. ముప్పాతిక చుట్టునకు అది సుమారు ఒక మిల్లీమీటరునకు కొంచెము మించిన దూరము. రబ్బరు నంతమాత్రము నొక్కినచో అది తన సాగుగుణముచే ఎదురు నొక్కుచు చమురును ఆపును. అంతకంటె చాల ఎక్కువ నొక్కినచో రబ్బరు నలిగి ప్రక్కకు పొంగి, సాగుగుణమును కోల్పోవును. కాబట్టి అతిగా బిగించిన ఫిల్టరు ఎక్కువ భద్రమైనదను తలంపు పొరపాటు.

త్రిప్పుబలము కొలుచు టార్క్ రెంచి యున్నవారు పుస్తకములోని అంకెను అనుసరింపవచ్చును. కొన్ని యమహా బండ్లకు 17 న్యూటన్ మీటర్లు, కొన్ని హోండా బండ్లకు 26 న్యూటన్ మీటర్లు అని యుండును. 30 సెంటీమీటర్ల పిడిపై మొదటిదానికి ఆరు కిలోగ్రాములు, రెండవదానికి తొమ్మిది కిలోగ్రాముల బలము చాలును. అదే పిడిని ఒకడు 20 కిలోగ్రాముల బలముతో లాగినచో 59 న్యూటన్ మీటర్లగును. అనగా మొదటి అంకెకు మూడింతలకు మించినది. విప్పునప్పుడు మిత్రమైన పిడి బిగించునప్పుడు శత్రువగునని చెప్పుటకు కారణమిదే. చేయి పట్టు చోటున్నంతవరకు, చేతిని డబ్బాను పొడిగా తుడిచి, చేతితోనే బిగించుట మేలు. చోటు లేనిచో టోపీ పానాను వాడి, సుద్దగీతను కనిపెట్టుచు ఆపవలెను.

మూత క్రింద కాగితపు ఫిల్టరు గల బండ్లవారికి ఒక మాట. ఆ మూత బోల్టులు సన్ననివి. అవి దిగు మరలు మెత్తని అల్యూమినియములోనివి. వానిని ఒకదాని తరువాత నొకటి ఒక్కసారిగా బిగింపక, ఎదురెదురు బోల్టులను కొంచెము కొంచెముగా బిగించుచు పోవలెను. మూత చుట్టునున్న రబ్బరు రింగును క్రొత్తదిగా మార్చి దానికిని చమురు పూయవలెను. కాగితపు చుట్టను తలక్రిందుగా పెట్టరాదు.

తుది పరీక్ష

చమురు విడుచు బోల్టును క్రొత్త వాషరుతో బిగించి, కొలత ప్రకారము చమురు పోసి, యంత్రమును మెల్లని వేగమున నడుపవలెను. చమురు దీపము గల బండ్లలో అది కొన్ని క్షణములలో ఆరవలెను. ఆరకున్నచో వెంటనే ఆపవలెను. ఒక నిమిషమాత్రము ఫిల్టరు చుట్టును చూచుచు, చెమ్మ గాని చుక్క గాని కనబడునేమో పరీక్షింపవలెను. పిమ్మట ఆపి, కొన్ని నిమిషములు తాళి, చమురు మట్టము చూచి, తగ్గినంత పోయవలెను. క్రొత్త ఫిల్టరు తనలో కొంత చమురును నింపుకొనుటచే మట్టము తగ్గుట సహజము. నాలుగైదు కిలోమీటర్లు మెల్లగా తోలి వచ్చి మరియొకమారు చూడవలెను. వెనుక చక్రముపైనను బ్రేకుపైనను చమురు చుక్క లేకుండ తుడిచిన పిమ్మటనే బండిని దారికి ఎక్కింపవలెను.

పాతచమురును కాలువలో పోయుట గాని నేలపై క్రుమ్మరించుట గాని కూడదు. భారతదేశమున 2016వ సంవత్సరపు నియమముల ప్రకారము వాడిన చమురు అపాయకరమైన వ్యర్థములలో చేరినది. దానిని మూతగల డబ్బాలో పోసి, తిరిగి శుద్ధిచేయువారికి చేర్చు షెడ్డునకు ఇయ్యవలెను. పాతఫిల్టరును గూడ బోర్లించి, చమురు కారిన పిమ్మట దానితోడనే పంపవలెను. మన పొలములును చెరువులును ఆ నల్లని చమురును దిగమ్రింగజాలవు.

చివరిమాటగా, ఫిల్టరు మార్చిన దినమును, అప్పటి కిలోమీటర్ల అంకెను చిన్న పుస్తకములో వ్రాసికొనుట మంచి అలవాటు. ఎంత చుట్టు త్రిప్పి బిగించితిమో గూడ వ్రాసికొనిన యెడల మరుసటిమారు విప్పువాడు, అతడు మనమే కావచ్చును, మన సోదరుడే కావచ్చును, ఆ పంక్తిని చదివి నిశ్చింతగా చేయి వేయును.